వర్జ్యంలో కాన్పు

మత్తు డాక్టరు పేరు ఏ పేషెంటుకీ గుర్తుండదు. కోసిన డాక్టరుకి మిఠాయి డబ్బా, బిడ్డని ఎత్తుకొచ్చి చూపించిన ఆయమ్మకి చీర, నాకేమో "ఆ నడుములో సూదేసిన మేడమా?" అన్న ఆనవాలు. ఆ తర్వాత జీవితాంతం నడుము ఎప్పుడు నొప్పెట్టినా తిట్లు మాత్రం నాకే. దీని మీద నాకేం దిగులు లేదు. పని మానేసి ఇంట్లో కూర్చున్నాక, ఈ విద్య నేర్చుకుంటున్న మీలాంటి పిల్లలు వచ్చి, "మేడం, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు చెప్పండి" అని అడుగుతుంటే నవ్వొస్తుంది. గుండె ఆగిపోయి మళ్ళీ కొట్టుకున్న కథ ఏదో వినిపిస్తానని ఎదురుచూస్తారు. అలాంటివీ ఉన్నాయి. కానీ నాకు మొదట గుర్తొచ్చేది నేను సూది వెయ్యని కేసు.

మా పని తీరు కాస్త చెప్పాలి. నాకంటూ ఒక ఆస్పత్రి లేదు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాటి వనస్థలిపురం దాకా, మెయిన్ రోడ్డుకి అటూ ఇటూ ఉన్న నర్సింగ్‌హోములన్నీ నావే, ఏదీ నాది కాదు. కారు డిక్కీలో సామాను, చేతిలో ఫోను. ఎక్కడ పిలిస్తే అక్కడికి వెళ్ళి, నడుములో సూదేసి, ఆపరేషన్ అయ్యేదాకా తల దగ్గర కూర్చుని, పేషెంటు కాళ్ళు కదిలించడం మొదలుపెట్టాక ఇంకో చోటికి బయలుదేరడం. మామూలు రోజుల్లో ఇది హాయిగానే సాగేది. మంచి రోజుల్లోనే నరకం.

మంచి రోజంటే పంచాంగంలో మంచి రోజు. ఆ రోజు ఆ గంటలో పుడితే పిల్లాడు కలెక్టరవుతాడని ఏ అయ్యగారో చెబుతాడు. ఒక అయ్యగారు చెబితే పోనీలే అనుకోవచ్చు, అందరు అయ్యగార్లకీ అదే గంట తోస్తుంది. అన్ని నర్సింగ్‌హోముల్లోనూ అదే గంటకి బల్ల మీద ఒక ఆడమనిషి సిద్ధంగా ఉంటుంది. మత్తు డాక్టర్లం మాత్రం ఈ వైపు నలుగురైదుగురమే. ఎల్బీనగర్ చౌరస్తాలో లారీల మధ్య ఇరుక్కుని ఉంటే ఫోను: "మేడం, ఎక్కడున్నారు? లగ్నం దాటిపోతోంది." పెళ్ళికి ఆలస్యంగా వస్తున్న పురోహితుణ్ణి కూడా అంతలా తరమరు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని మన పెద్దవాళ్ళు వెక్కిరించారు. మా దిల్‌సుఖ్‌నగర్‌లో చూలు ఉంటే చాలు, సోమలింగానికి ర్యాంకు కూడా వచ్చేసినట్టే. వీధికి పది కోచింగ్ సెంటర్లున్న చోట పిల్లలు కడుపులో ఉండగానే పరీక్షకి కూర్చోవడంలో ఆశ్చర్యమేముంది?

ఈ పిచ్చి ఫలానా వాళ్ళదని అనడానికి లేదు. మా కోస్తా వాళ్ళు చదువుకున్న మూర్ఖులు కాబట్టి కంప్యూటర్లో జాతకం వేయించి రంగుల ప్రింటు పట్టుకొస్తారు. ఇక్కడి పాత ఊళ్ళ వాళ్ళు, పొలాలు ప్లాట్లుగా అమ్ముకుని పెద్దవాళ్ళైనవాళ్ళు, అయ్యగారిని నేరుగా ఫోన్లో పెడతారు. నీళ్ళ దగ్గర, ఉద్యోగాల దగ్గర, కూరలో పులుపు దగ్గర కూడా కొట్టుకున్న రెండు ప్రాంతాలవాళ్ళు కోడలి పొట్ట కోయించే దగ్గరికి వచ్చేసరికి అన్నదమ్ములైపోతారు.

ఇక నేను చెప్పబోయే నర్సింగ్‌హోము యజమానురాలు కాన్పుల డాక్టరు. అందరం పెద్ద మేడం అనేవాళ్ళం. చదువుకునే రోజుల్లో ఆవిడ పేరు చెబితే మేమంతా గౌరవంగా చూసేవాళ్ళం. పెద్దాస్పత్రిలో ఎదురుకాళ్ళతో వచ్చే బిడ్డని కూడా తల్లికి గాటు పడకుండా తీసిన మనిషి. అలాంటి చేతులు నేను మళ్ళీ చూడలేదు. ఆ చేతులతోనే చివరికి గోడ మీది పంచాంగం కాలెండరు తిప్పుతూ కూర్చుంది. ఏ పేషెంటు వచ్చినా "ముహూర్తం పెట్టించుకున్నారా అమ్మా?" అని ఆవిడే ముందు అడిగేది. అడిగితే తప్పేమిటట? నొప్పులు ఎప్పుడొస్తాయో అని కాపలా కాయక్కర్లేదు, ఆదివారం సుఖంగా నిద్రపోవచ్చు, వచ్చినవాళ్ళు సంతోషంగా వెళ్తారు. ఒకసారి నేను "ఇదేం వైద్యం మేడం?" అంటే, "మనం మానేస్తే పక్క వీధిలో చేస్తారు" అంది. పక్క వీధిలో ఆవిడా ఇదే మాట అంటుందని నాకు తెలుసు. ఆ ఆస్పత్రిలోనూ సూదేసేది నేనే కదా.

ఆ అమ్మాయి మీర్‌పేట్‌లో ఒక ప్రైవేటు బడిలో ఆటల టీచరు. పెళ్ళికి ముందు సరూర్‌నగర్ ఇండోర్ స్టేడియంలో కబడ్డీ ఆడేదట. అత్తగారిది సరూర్‌నగర్ పాత ఊళ్ళో పేరున్న ఇల్లు. తొలి కాన్పు. నెలలు నిండాయి, తల కిందికే ఉంది, బరువు సరిగ్గా ఉంది, తల్లి ఒళ్ళు ఇనుము. కోయడానికి ఒక్క కారణం లేదు. కారణం లేకపోతే ఊరుకుంటారా? పైకి చెప్పడానికి "ఉమ్మనీరు తక్కువ" అన్నారు. మా వైపు నర్సింగ్‌హోముల్లో మంచి రోజు వచ్చిందంటే ఆడవాళ్ళందరికీ ఒక్కసారే ఉమ్మనీరు తగ్గిపోయేది.

ఆ రోజు పొద్దున రెండు చోట్ల సూదులేసి, పన్నెండు లోపు అందుకోవాలని పరుగున వచ్చాను. పన్నెండు దాటితే వర్జ్యం. థియేటరు తలుపు దగ్గర అత్తగారు నిలబడి ఉంది. పట్టుచీర, చెవి దగ్గర ఫోను. అవతల అయ్యగారు. ఆమె పక్కన కొడుకు, అంటే ఆ అమ్మాయి భర్త, తల్లి ఎటు తిరిగితే అటు తిరుగుతున్నాడు. నన్ను చూడగానే ఆవిడ "ఒచ్చిండ్రా మేడం, మీకోసమే సూస్తున్నం" అని నిజంగానే చేతులు జోడించింది. చెడ్డ మనిషని నేననను. కోడలికి మంచి చేస్తున్నాననే నమ్మకం ఆ ముఖం నిండా ఉంది. నమ్మకమున్న మనిషితోనే వాదించలేం.

లోపల పెద్ద మేడం చేతులు కడుక్కోవడానికి బయటి సింకు దగ్గరికి వెళ్ళింది. థియేటరు సిస్టరు కత్తులు సర్దుతోంది. నేను ఆ అమ్మాయిని బల్ల మీద కూర్చోబెట్టి, దిండు కౌగిలించుకుని ముందుకి వంగమన్నాను. నడుము తుడిచి, వెన్నుపూసల సందు కోసం వేలితో తడుముతున్నాను. ఒళ్ళంతా ఒక్కసారి బిగుసుకుంది. ఊపిరి ఆపేసింది. భయమేమో అనుకున్నాను. కాసేపటికి వదిలింది. మళ్ళీ కాసేపటికి అదే బిగింపు. చెయ్యి ముందుకి పోనిచ్చి పొట్ట మీద పెడితే రాయి. నేను కాన్పుల డాక్టరుని కాకపోయినా ఇద్దరు పిల్లల తల్లిని. ఆ రాయి నాకు తెలుసు.

"ఎప్పటి నుంచి?" అన్నాను మెల్లగా.

ఆమె తల తిప్పలేదు. "నిన్న పొద్దుగూకినప్పటి సంది మేడం. ఎవ్వలకు చెప్పలే."

రాత్రంతా అత్తగారి పక్కన పడుకుని, పొద్దున తలంటు పోసుకుని, బొట్టు పెట్టించుకుని, కారెక్కి వచ్చి, ఈ బల్ల దాకా నడిచి వచ్చింది. ఒక్క మూలుగు లేదు. చేర్చుకునేటప్పుడు ఎవరైనా చూడలేదా అంటారా? ఎందుకు చూస్తారు? కోత ఖాయమయ్యాక నొప్పులొస్తున్నాయా అని అడిగే దిక్కెవరు? బీపీ చూశారు, నగలు తీయించారు, బల్ల ఎక్కించారు.

"చెప్తే ఆపెతందుకు సూదిస్తరు. లేకుంటే గప్పుడే కోస్తరు," అంది. "నేనే కంట మేడం. జర టైమియ్యుండ్రి. ఎవ్వలకు చెప్పకుండ్రి."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమె మీద కాదు. వైద్యం చదువుకున్నవాళ్ళు ఇంతమంది ఉన్న చోట, ఒక ఆడపిల్ల తన కాన్పు తాను చేసుకోవడానికి దొంగలా నొప్పులు దాచుకోవాల్సి వచ్చింది. అది తలుచుకుంటే ఇప్పటికీ మండుతుంది. నేను పైకి చెబితే ఏమవుతుందో కూడా నాకు తెలుసు. పెద్ద మేడం తలుపు తీసి అత్తగారితో మాట్లాడుతుంది, అత్తగారు అయ్యగారితో మాట్లాడుతుంది, భర్తగారు తల్లితో మాట్లాడతాడు. బల్ల మీది మనిషితో ఎవరూ మాట్లాడరు. ఆఖరికి "ఇంత దూరం వచ్చాక ఎందుకమ్మా రిస్కు?" అని నాలుగు చేతులు ఆమెని పట్టుకుంటాయి.

ఆమె చెవిలో ఒకటే చెప్పాను: బిడ్డ గుండె చప్పుడు ఏ కాస్త తేడా వచ్చినా మాట్లాడకుండా సూది వేసేస్తాను, అప్పుడు నన్ను ఆపకూడదు. ఆమె తలూపింది. సిస్టరుని పిలిచి గుండె చప్పుడు వింటూ ఉండమన్నాను. ఆవిడ నా ముఖం చూసింది, పొట్ట మీద చెయ్యి పెట్టింది, నోరు మూసుకుని వినడం మొదలుపెట్టింది. అక్కడ పనిచేసేవాళ్ళలో నాకు నచ్చిన మనిషి ఆవిడే.

పెద్ద మేడం గౌనేసుకుని వచ్చింది. "అయిందా మేడం?"

"సందు దొరకట్లేదు" అన్నాను. సూది ఇంకా పళ్ళెంలోనే ఉంది, నా ఒళ్ళు అడ్డుగా ఉంది. నా చేతికి సందు దొరక్కపోవడమేంటని ఆవిడ అనుమానంగా చూసింది. ఎంత లావు మనిషికైనా ఒక్క పోటుతో వేసేదాన్ని. ఇది కబడ్డీ ఆడిన పిల్ల, వెన్నుపూసలు లెక్కపెట్టుకోవచ్చు. కానీ ఈ విద్యలో ఒక సుఖముంది. మత్తు డాక్టరు కుదరలేదంటే కుదరలేదు. కోసే డాక్టరు ఎంత గొప్పదైనా చేతులు ముడుచుకుని నిలబడాల్సిందే.

కాసేపు బీపీ అన్నాను. కాసేపు మళ్ళీ తుడవాలన్నాను. ఆవిడకి ఓపిక పోయింది. పూర్తి మత్తిచ్చి పడుకోబెట్టేయమంది. అప్పుడు నేను నోరు తెరిచేలోపే దిండులోంచి ఆ అమ్మాయి గొంతు వచ్చింది.

"నేను ఛాయ్ తాగిన మేడం. బిస్కెట్లు గూడ తిన్న."

పొట్ట నిండుగా ఉంటే పూర్తి మత్తు ప్రమాదమని ఆటల టీచరుకి ఎలా తెలుసో నాకు తెలియదు, ఫోనులో చదివి ఉంటుంది. తిన్నదీ అబద్ధమే, రాత్రి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. నవ్వు ఆపుకోవడానికి నేను పెదవి కొరుక్కున్నాను. పెద్ద మేడం మాత్రం "చదువుకున్న పిల్లవి, ఇదేం పని?" అని చెడామడా తిట్టింది. ఇంకో మత్తు డాక్టరు కోసం ఫోన్లు చేయించింది. ఎవరు దొరుకుతారు? అందరూ ఎక్కడో ఒకచోట అదే లగ్నానికి సూదులు వేస్తున్నారు. ఆ పూట పంచాంగం మా పక్షాన ఉంది.

మీలో ఒకరు అంటారు, మేడం మీరు పేషెంటు ముందు అబద్ధాలాడారు కదా అని. ఆడాను. ఆ గదిలో అబద్ధం కానిదేదో ముందు నాకు చూపించండి, తర్వాత నన్ను అడుగుదురుగాని.

తలుపు మీద తట్టడం మొదలైంది. ముందు అత్తగారు, తర్వాత కొడుకు, తర్వాత మళ్ళీ అత్తగారు. "ఏమైంది మేడం, టైం అయిపోతుంది, అయ్యగారు లైన్లున్నడు." పెద్ద మేడం బయటికి వెళ్ళి ఏదో సర్దిచెప్పి, మండుతున్న ముఖంతో లోపలికి వచ్చింది. ఆవిడ వచ్చి నా పక్కన నిలబడి ఇంకేదో అనబోతుండగా, ఆ అమ్మాయి దిండు వదిలేసి బల్ల అంచు పట్టుకుంది. మొదటిసారి గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. ఆ వెంటనే నీళ్ళు. తక్కువగా ఉందన్న ఉమ్మనీరు బల్ల మీంచి కారి, నా చెప్పులు తడిపి, పెద్ద మేడం కాళ్ళ కిందికి పోయింది.

ఆవిడ ఒక్క క్షణం నేల వంక చూసింది. తర్వాత నా వంక చూసింది. అంతా అర్థమైపోయింది ఆవిడకి. కానీ మాట్లాడే టైము లేదు. పడుకోబెట్టి చెయ్యి పెట్టి చూసి, "తల ఇక్కడే ఉంది" అంది. ఆ గొంతు వేరు. పాత రోజుల్లో పెద్దాస్పత్రి లేబర్ రూములో విన్న గొంతు అది. పొట్ట కోయడానికి పరిచిన సామానంతా అక్కడుంది గాని, కాన్పు చెయ్యడానికి కావలసిన కత్తెర లేదు. సిస్టరు దానికోసం కింది అంతస్తుకి పరుగెత్తింది.

సిస్టరు తిరిగి వచ్చేలోపు పని అయిపోయింది. ఆ అమ్మాయి ఊపిరి బిగబట్టి ముక్కింది, వదిలింది, మళ్ళీ బిగబట్టింది. పెద్ద మేడం "నెమ్మది తల్లీ, ఇప్పుడాగు, ఇప్పుడు రానీ" అంటూ చేత్తో తలని ఆపుతూ, వదులుతూ, కత్తెర అక్కర్లేకుండా బిడ్డని బయటికి తెచ్చింది. చిన్న చీలిక కూడా లేదు. ఆడపిల్ల. ఏడుపు తలుపు అవతలికి వినపడి తట్టడం ఆగిపోయింది. ఆ చేతులు ఏమీ మరిచిపోలేదు. నాకు ఆవిడ మీద అంత కోపం ఎందుకో అప్పుడే బాగా అర్థమైంది. చేతకాని మనిషైతే జాలిపడి వదిలేసేదాన్ని.

బిడ్డని తల్లి రొమ్ము మీద పెట్టాక పెద్ద మేడం గ్లౌజులు తీసి, "మీతో తర్వాత మాట్లాడతాను" అంది నాతో. ఆ తర్వాత ఎప్పుడూ మాట్లాడలేదు. ఆ నర్సింగ్‌హోము నుంచి నాకు మళ్ళీ ఫోను రాలేదు. చుట్టుపక్కల ఇంకో రెండు చోట్ల నుంచీ ఆగిపోయాయి. నన్ను వర్జ్యం డాక్టరని పిలుచుకుంటున్నారని విన్నాను. ఆవిడ మాత్రం కొన్నాళ్ళకి బోర్డు మీద "సహజ కాన్పు మా ప్రత్యేకత" అని కొత్త వరస రాయించింది. "ముహూర్తానికి కాన్పులు చేయబడును" అన్న పాత వరస కూడా దాని కిందే ఉంది. సిగ్గుంటే కదా!

ఆ అమ్మాయి అంత మొండితనం ఎందుకు చేసిందో ఆ రోజు బిడ్డ రొమ్ము మీద ఉండగానే నాకు కాసిన్ని మాటల్లో చెప్పింది. ఆమె తోటికోడలికి ఇదే బల్ల మీద ముహూర్తం కోత. కుట్లకి చీము పట్టి రెండు నెలలు మంచం దిగలేదట. ఇప్పటికీ బిందె ఎత్తలేదట. ముహూర్తం ఖాయమయ్యాక ఈ అమ్మాయి పెద్ద మేడాన్ని ఒంటరిగా కలిసి, నాకు కోత వద్దు అని అడిగింది కూడా. ఆవిడ బుగ్గ మీద తట్టి, "పెద్దవాళ్ళున్నారు కదమ్మా, నీకెందుకు?" అందట. కడుపు ఈమెది, నొప్పి ఈమెది, నీకెందుకట!

అప్పుడు అత్తగారు లోపలికి వచ్చింది. వెనక కొడుకు. ఆడపిల్ల అని విని ఆవిడ ముఖం మాడ్చుకోలేదు, ఆ మాట చెప్పి తీరాలి. బిడ్డని చూసి, "అబ్బ, ఎంత తెల్లగున్నదో" అని మెటికలు విరిచింది. ఆ తర్వాత ఫోను చెవికి ఆనించి, పన్నెండు దాటి వర్జ్యమైనా సరే, లగ్నం ఏదో చూసి అయ్యగారు శాంతి చేయిస్తారట, పుట్టిన టైము నిమిషంతో సహా కావాలంటున్నారు, ఎంత? అని మమ్మల్ని అడిగింది.

సిస్టరు పెద్ద మేడం వంక చూసింది. పెద్ద మేడం నా వంక చూసింది. టైము కేకేసి చెప్పాల్సిన సిస్టరు బిడ్డ పుట్టిన నిమిషంలో మెట్ల మీద ఉంది. పెద్ద మేడం చూపు బిడ్డ తల మీద ఉంది. నా చూపు తల్లి ముఖం మీద ఉంది. ముహూర్తాల కోసం బతికే ఆ ఆస్పత్రిలో ఒక బిడ్డ ఎప్పుడు పుట్టిందో ఎవరికీ తెలియలేదు. పెద్ద మేడం తడుముకోకుండా, "మీకు ఏది మంచిదైతే అది వేసుకుందాం, అయ్యగారిని అడగండి" అంది.

అత్తగారికి రోషం వచ్చింది. "జూటా టైమ్‌కి జాతకం రాయిపిస్తమా మేడం? దేవుడు సూడడా?" అంది. నాకు ఆ మనిషి మీద ఆ రోజు మొదటిసారి గౌరవం కలిగింది. ఆ గదిలో ముహూర్తాన్ని నిజంగా నమ్మింది ఆవిడ ఒక్కతే.

"నేను సూసిన అత్తమ్మా," అంది బల్ల మీంచి ఆ అమ్మాయి. పడుకున్న మనిషికి ఎదురుగా గోడ మీద గడియారం. అందరూ అటు తిరిగారు. అత్తగారి ముఖం వెలిగింది. ఫోన్లో ఆగమని చెప్పి దగ్గరికి వచ్చింది.

"ఎంతైతుండె బిడ్డా?"

"చెప్ప," అంది ఆమె. గొంతులో కోపం లేదు, అలసట మాత్రం ఉంది. "నా బిడ్డ పెద్దగైనంక అడుగుతే దానికి చెప్త."

భర్త ఏదో అనబోయి తల్లి వంక చూశాడు. ఫోన్లోంచి "హలో, టైం చెప్పుండ్రమ్మా, హలో" అని వినపడుతూనే ఉంది. అత్తగారు కోడలి ముఖంలోకి చూసి, ఫోను కట్ చేసింది.